ఖర్చుల యాప్‌కి ఎస్సెమ్మెస్ అనుమతి ఇవ్వాలా, చేత్తో ఎక్కించుకోవాలా? నలుగురి చర్చ

చిల్లరపద్దు
ఎస్సెమ్మెస్‌లు చదివి తనే లెక్క రాసుకునే యాప్ ఒకప్పుడు బాగానే పనికొచ్చేది. ఇప్పుడు ఇంటి ఖర్చుకి అది చాలదని నా వాదన. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ 25 నుంచి వంద దాటని యూపీఐ చెల్లింపులకి ఎస్సెమ్మెస్ ఆపేసింది. టీ, కూరగాయలు, ఆటో అన్నీ ఆ వందలోపే. యూపీఐ లైట్ (ముందే కొంత డబ్బు వేసి ఉంచుకుని చిన్న చెల్లింపులు చేసేది) వాడితే ఇంకా కష్టం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లైట్‌లోకి వేసిన మొత్తం ఒక్కటే పడుతుంది, అది దేనికి పోయిందో ఉండదు. యాప్ దాన్ని ‘ఇతరాలు’లో పడేస్తుంది. నెలాఖరుకి అన్నిటికంటే పెద్ద పద్దు ‘ఇతరాలు’ అయితే ఆ బడ్జెట్ ఎందుకు? చేత్తో ఎక్కించండి.

నిత్యజమ
ఒప్పుకోనండీ. చేత్తో రాసే లెక్క పండగ వారంలోనో, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడో ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టడం కష్టం. అద్దె, ఈఎంఐ, స్కూలు ఫీజు, పెట్రోలు, కార్డు ఖర్చు, అంటే డబ్బులో పెద్ద భాగం, ఎస్సెమ్మెస్‌తోనే వస్తుంది. చిల్లరకి వేరే దారి ఉంది. వారానికి ఇంత అని, ఉదాహరణకి సోమవారం 1,500, లైట్‌లో వేసి, వేసిన రోజే దాన్ని ‘వారం చిల్లర’ పద్దుకి ఖర్చు రాసేయండి. ఆటో టాప్-అప్ తీసేయడం మాత్రం మరవొద్దు. అది ఉంటే నిల్వ తగ్గినప్పుడల్లా తనే నింపుకుంటుంది, వారం పరిమితికి అర్థం ఉండదు. ఒక్కో టీకీ పద్దు అక్కర్లేదు.

తాళంచెవి
లెక్క సంగతి సరే, అనుమతి సంగతి చూడండి. ఆండ్రాయిడ్‌లో ఎస్సెమ్మెస్ అనుమతి అంటే బ్యాంకు మెసేజీలకి మాత్రమే కాదు, మొత్తం ఇన్‌బాక్స్‌కి. ఓటీపీలు, ఆసుపత్రి రిపోర్టుల మెసేజీలు అన్నీ అందులోనే. ఉచితంగా ఇచ్చే యాప్ అప్పులు కూడా అమ్ముతుంటే, మీ జీతం తేదీ, ఖాతాలో మిగిలేది దానికి ఎందుకు పనికొస్తాయో ఆలోచించండి. ఐఫోన్‌లో ఈ గొడవే లేదు, అక్కడ యాప్‌లకి ఎస్సెమ్మెస్‌లు చదివే వీలు లేదు.

ఎక్కించుకునే శ్రమ వద్దనుకుంటే అకౌంట్ అగ్రిగేటర్ దారి మేలు. అంటే మీ సమ్మతితో మీ ఖాతా వివరాలని బ్యాంకు నుంచి యాప్‌కి చేరవేసే మధ్యవర్తి సంస్థ. రిజర్వ్ బ్యాంకు 2016లో నిబంధనలు పెట్టింది, 2021 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. మధ్యలో ఉండే అగ్రిగేటర్ మీ డేటాని చదవలేదు, దాచుకోలేదు. సమ్మతి తెరమీద నాలుగు చూడండి: ఏ ప్రయోజనానికి (ఖర్చుల తీరు, బడ్జెట్ కోసమైతే కోడ్ 102), ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నిసార్లు తీసుకుంటారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. డేటా అడిగే సంస్థ మాత్రం రిజర్వ్ బ్యాంకు, సెబీ లాంటి నియంత్రణ సంస్థ కింద ఉండాలి, కాబట్టి ప్రతి చిన్న యాప్‌లోనూ ఈ సదుపాయం దొరకదు.

కిస్తీ
ఏ దారైనా సరే, యాప్‌లు తప్పేది ‘బదిలీ’ని ‘ఖర్చు’గా రాయడంలో. కార్డు మీద 6,400 సరుకులు కొంటే ఒక ఎస్సెమ్మెస్, బిల్లు కట్టినప్పుడు ఇంకొకటి. సరిదిద్దకపోతే ఖర్చు 12,800 చూపిస్తుంది. కార్డుని విడి ఖాతాగా పెట్టి, బిల్లు చెల్లింపుని బ్యాంకు నుంచి కార్డుకి బదిలీగా మార్చండి.

మన దగ్గర ఇంతకంటే పెద్ద చిక్కు చీటీ. ఇరవై మంది, ఇరవై నెలలు, లక్ష చీటీ అనుకోండి. 15,000 తగ్గించి పాడితే, నిర్వాహకుడి కమీషన్ 5,000 పోను మిగిలిన 10,000 అందరికీ పంచుతారు, తలా 500. ఆ నెల మీరు కట్టేది 4,500. యాప్ దాన్ని ఖర్చు అంటుంది. పాట మీకు వచ్చి 85,000 జమైతే ఆదాయం అంటుంది! రెండూ తప్పే. పాడుకోకముందు కట్టిన కిస్తీలు పొదుపు, పాడుకున్నాక కట్టేవి అప్పు తీర్చడం. ‘చీటీ’ అని ఒక ఖాతా తెరిచి కిస్తీలూ, వచ్చిన 85,000 కూడా దానికి బదిలీగా రాయండి. పాడుకున్నాక ఆ ఖాతా మైనస్‌లోకి వెళ్తుంది, అది మీ బాకీ. అన్ని కిస్తీలూ అయ్యాక ఆ ఖాతా ఇంకా మైనస్‌లో ఉంటే చీటీలో అంత లాభం, సున్నా దాటి ప్లస్‌లో ఉంటే అంత నష్టం.

చిల్లరపద్దు
కిస్తీ గారు చెప్పిన పని ఏ యాప్ తనంతట తను చేయదు, నేను చేత్తో ఎక్కించండి అన్నది అందుకే. నిత్యజమ గారి ‘వారం చిల్లర’ ఒంటరివాళ్లకి సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో కూరగాయలూ, బయటి తిండీ ఒకే పద్దులో కలిస్తే ఏది తగ్గించాలో తెలియదు.

నిత్యజమ
అయితే ఆ రెండిటినే చేత్తో విడగొట్టండి, మిగతాది యాప్‌కి వదిలేయండి. నెల చివర యాప్ నిల్వనీ బ్యాంకు నిల్వనీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం ఇద్దరికీ తప్పదు. తేడా వస్తే ముందు వెతకాల్సింది రీఫండ్‌లు, ఫెయిలై వెనక్కొచ్చిన యూపీఐలు, ఏటీఎం నగదు. తేడా రెండొందల లోపైతే ‘తేలనివి’ అని రాసి మూసేయండి. దాటితే స్టేట్‌మెంట్ తీయాల్సిందే.

తాళంచెవి
ఏది ఎంచుకున్నా సీఎస్‌వీ ఎగుమతి (లెక్కలన్నీ ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా దింపుకోవడం) ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. అమెరికాలో చాలామంది వాడిన మింట్ అనే ఖర్చుల యాప్ 2024 మార్చిలో మూతపడింది. పాత లెక్కలు కావాలనుకున్నవాళ్లు గడువులోపు ఫైలు దింపుకోవాల్సి వచ్చింది.