కొండ మీద పెద్దవాళ్లు కిందికి దిగడం మానేశారు, ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

సందుచివర:
విజయవాడ కొండ ప్రాంతం. రోడ్డు నుంచి చివరి ఇంటికి 140 మెట్లు. ఒక మెట్టు ఆరంగుళాలుంటే పక్కది పదంగుళాలు. పట్టుకోవడానికి ఏమీ లేదు. పింఛను ఇంటికే వస్తోంది, బియ్యం మనవడు తెస్తాడు, ఇంక దిగే పనేముంది అంటారు పెద్దవాళ్లు. అలా ఆర్నెల్లు కూర్చున్నాక దిగాలనుకున్నా తొడల్లో సత్తువ ఉండదు. శిబిరంలో ఇచ్చిన వాకర్లు అటకెక్కాయి. సంఘం దగ్గర 25 వేలున్నాయి. ఏం చేయమంటారు?

మెట్లమేస్త్రి:
రెయిలింగేనండి, ఇంకో మాట లేదు. పైపు, వెల్డింగు, కూలీ కలిపితే 140 మెట్లకూ ఈ డబ్బు చాలదు. కాబట్టి నిటారుగా ఉన్నచోట, మలుపుల్లో, కుళాయి నీళ్లు కారి పాచి పట్టేచోట మొదలెట్టండి.

ఒకటింపావు అంగుళం జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) తీసుకోండి. బయట కొలత 42 మిల్లీమీటర్లు, ముసలి చేతి పిడికిట్లో ఇముడుతుంది. రెండంగుళాల పైపు గట్టిదని వెల్డరు అంటాడు గానీ వేళ్లు చుట్టూ తిరగవు, జారినప్పుడు పట్టు దొరకదు. రెయిలింగు ఎత్తు, మెట్టు అంచు నుంచి 85 సెంటీమీటర్లు, నాలుగడుగులకో స్తంభం. గోడకు బిగిస్తే మధ్యలో రెండంగుళాల సందు వదలండి. గుల్ల సిమెంటు ఇటుకల గోడకు యాంకర్ బోల్టు నిలవదు, నెల తిరక్కుండా ఊడి వస్తుంది. అలాంటిచోట స్తంభాన్ని నేలలోనే కాంక్రీటుతో పాతాలి.

చాలామంది తప్పేది ఒకచోట: చివరి మెట్టు దగ్గరే పైపు ఆపేస్తారు. చెయ్యి గాల్లోకి పోయేసరికి ఇంకో మెట్టుందో లేదో తెలియక అక్కడే పడతారు. పైనా కిందా ఒక్కో అడుగు ముందుకు సాగదీసి, కొసను గోడవైపు వంచండి. వెల్డింగు ముళ్లు గ్రైండరుతో నున్నగా చేయించండి. మే ఎండకు పైపు కాలుతుంది, ముదురు రంగు వద్దు.

మిగిలిన డబ్బుతో పాతిక ముప్పై మెట్లకో అరుగు. ఇటుక దిమ్మెల మీద కడప బండ, ఎత్తు 18 అంగుళాలు. తక్కువైతే కూర్చున్నవాళ్లు లేవలేరు. కాలవ మీద మాత్రం కట్టొద్దు, పూడిక తీసేటప్పుడు పగలగొడతారు.

నడక_ఫిజియో:
మేస్త్రి గారు చెప్పినదానికి తోడు కర్ర సంగతి. మెట్ల మీద వాకరు ప్రమాదం. నాలుగు కాళ్ల కర్ర కూడా ఎగుడుదిగుడు బండ మీద ఊగుతుంది. మామూలు కర్రే మేలు. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి. పొడవైతే భుజం లేస్తుంది, పొట్టిదైతే నడుం వంగుతుంది. ఒక చేత్తో రెయిలింగు, రెండో చేత్తో కర్ర. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు.

కర్ర అడుగున రబ్బరు బుష్ తిప్పి చూడండి. గాళ్లు అరిగి నున్నగా ఉంటే తడి బండ మీద సబ్బులా జారుతుంది. అదే కొలతది కొత్తది వేయించండి.

రెయిలింగు వచ్చేలోపు ఇంట్లో కుర్చీ గోడకానించి, లేచి కూర్చోవడం: పూటకు ఐదుసార్లతో మొదలెట్టి, రెండు వారాలు గడిచేసరికి పూటకు పదిసార్లకు పెంచండి. ముందు చేతుల ఊతంతో, తర్వాత లేకుండా. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు పట్టినా, అంతకు మించినా పడే ముప్పు ఉన్నట్టే. వాళ్లను ఒంటరిగా దింపకండి. లేవగానే కళ్లు తిరిగితే పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూపించాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకు మించి గానీ తగ్గుతుంటే మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి, సొంతంగా ఆపొద్దు.

సందుచివర:
మంచి మాట చెప్పారండి. కర్రలు కొనాలా, ఉచితంగా వస్తాయా?

వార్డుమిత్ర:
పెద్దవాళ్లకు కర్రలు, వాకర్లు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017లో మొదలైంది. 60 దాటి, తెల్లకార్డు గానీ నెలకు 15 వేల లోపు ఆదాయం గానీ ఉంటే అర్హులు. కొలతలు తీసే శిబిరం వేరు, పంపిణీ వేరు. కొలతల రోజే "మాది మెట్ల దారి, వాకరు వద్దు, కర్ర కావాలి" అని రాయించండి. అలా చెప్పకే అటకలు నిండుతున్నాయి. శిబిరం వివరాలకు పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు తీస్తారు.

రెయిలింగు వేసేది పబ్లిక్ మెట్లకు కాబట్టి ముందు వార్డు సచివాలయంలో అమెనిటీస్ కార్యదర్శికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరెవరు దిగడం లేదో ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి ఎక్కొచ్చే సిబ్బందికి తెలుసు. ఇంటి నంబర్లతో వాళ్ల జాబితాను అర్జీకి జతచేయండి.