ఎదురు కొట్టు వల్ల గిరాకీ పోతే దావా ఎందుకు కుదరదు?

ప్రశ్న: విజయనగరంలో లా మొదటి ఏడాది చదువుతున్నాను. మూడు లాంతర్ల దగ్గర మా నాన్నగారికి టిఫిన్ కొట్టు ఉంది. ఎదురుగా ఎవరో కొత్త కొట్టు పెట్టి ఇడ్లీ ధర తగ్గించారు. మా గిరాకీ సగం పోయింది. ఇది టార్టు (అంటే కోర్టులో పరిహారం కోరదగ్గ సివిల్ తప్పు) కాదన్నారు మా మాస్టారు. నష్టం కళ్ళముందే ఉంటే ఎందుకు కాదు?

జవాబు: తమ్ముడూ, ఇంగ్లండులో 1410 నాటి గ్లాస్టర్ బడి కేసు చదువు. పాత బడికి పోటీగా మరో బడి వెలిసింది. పాతవారు ఫీజు తగ్గించుకోవలసి వచ్చింది. అయినా పరిహారం రాలేదు. పోటీలో పోయేది డబ్బు, చట్టం ఇచ్చిన హక్కు కాదు. దీనికి తిరగేసినది 1703 నాటి యాష్‌బీ కేసు. యాష్‌బీ అనే ఓటరును ఓటు వేయనివ్వలేదు. అతను కోరుకున్న అభ్యర్థులే గెలిచారు, అంటే నష్టం లేదు; అయినా ఓటు హక్కుకు భంగం కలిగింది కాబట్టి పరిహారం దక్కింది. పరీక్షలో ఈ రెండూ జంటగానే వస్తాయి.

మరో జవాబు: మీ సాంబారులో బల్లి పడిందని వాళ్ళు అబద్ధం ప్రచారం చేస్తే మాత్రం సంగతి వేరు. అది పరువునష్టం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు అన్నయ్యా. నాన్నగారికి వివరించాను. "ఇంగ్లండు బడికీ నా చట్నీకీ ఏమిటిరా సంబంధం?" అన్నారు. రేపటి నుంచి అల్లం పచ్చడి కూడా పెడతారట.