హైవే ఎక్కితే చాలు బండి దానంతటదే ఆగిపోతా ఉంది, కాసేపాగితే మళ్ళా స్టార్ట్ అవద్ది. ఏం చూపించాలి?

అడిగినాయన (కావలి):
అన్నా నమస్తే, మాది 2004 మోడల్ పెట్రోల్ కారు, ఇంజెక్షన్ బండే, కార్బొరేటర్ కాదు, లక్షా నలభై వేలు తిరిగింది. రెండు నెలల్నించీ ఒకటే బాధ. కావలి నించి నెల్లూరు పోతా ఉంటే కొడవలూరు చుట్టుపక్కలకి వచ్చేసరికి ఇంజన్ ఠపీమని ఆగిపోద్ది, కుదుపు లేదు ఏం లేదు, పక్కనోడెవడో తాళం తిప్పేసినట్టు. పక్కకి తీసి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగద్ది గానీ అంటుకోదు. ఓ ఇరవై నిమిషాలు నిలబెట్టి టీ తాగొచ్చి కొడితే ఒక్క దెబ్బకి స్టార్ట్. ఊళ్ళో తిప్పుకుంటే ఏం కాదు, ఎండన పడి నలభై కిలోమీటర్లు పోతేనే ఈ రోగం. ఇప్పటికి ప్లగ్గులు మార్చారు, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు, టాంకులో పంపు మార్చారు, దానికే నాలుగు వేల ఐదొందలు అయింది, మార్చిన నాలుగో రోజే మళ్ళా ఆగింది, అమ్మా నాయనా వెనక సీట్లో ఉన్నారు, వెనకమాల లారీవాడు హారన్. ఇప్పుడేమో ఈసీఎం, అదే ఇంజన్ని నడిపే కంప్యూటర్, పోయిందంటన్నాడు మెకానిక్. ఏం చేయమంటారు?

ఒకాయన:
ఇంకేముంది, ఈ20 పెట్రోలే, ఇరవై శాతం ఇథనాల్ కలిపేది. పాత బళ్ళన్నీ ఇట్టాగే చస్తన్నాయి.

ఒంగోలు మెకానిక్:
పాత బళ్ళల్లో రబ్బరు పైపులూ సీళ్ళూ దాని వల్ల పాడయ్యేది నిజమే, కాదన్ను, కానీ అట్టా పాడైన పైపు టీ తాగొచ్చేలోపు బాగవదు గదా.

తమ్ముడూ, ముందు ఇంకేం మార్చబాకు. ఈసీఎం జోలికైతే అస్సలు పోవద్దు. వేడెక్కితే ఆగేది, చల్లబడితే స్టార్ట్ అయ్యేది అంటే నాకు మూడే గుర్తొస్తాయి: ఇంజన్ తిరగతందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్, ప్లగ్గుకి నిప్పు ఇచ్చే కాయిల్, పెట్రోల్ పంపు. నీ పంపు కొత్తది. లోపల సన్న తీగ చుట్టి ఉంటది వీటిల్లో, వేడికి యాడో తెగిన చోట దూరం జరగద్ది, చల్లారితే మళ్ళా అతుక్కుంటది. అందుకే షెడ్డుకి తీసకపోతే ఏం దొరకదు, బండి అప్పటికే మామూలు అయిపోయుంటది. నీకు దొరికేది ఆ ఇరవై నిమిషాలే, ఆగినాక స్టార్ట్ కాకముందు. అప్పుడు నువ్వే చూడాల.

బండి ఆగిన క్షణంలో గేర్లోనే ఉంచి క్లచ్ తొక్కకుండా ఆర్పీఎం ముల్లు (ఇంజన్ ఎంత వేగంగా తిరగతందో చూపించేది) చూడు. చక్రాలు ఇంజన్ని తిప్పతానే ఉంటాయి గాబట్టి ముల్లు బండి స్పీడుతో పాటు మెల్లగా దిగాల. అట్టా దిగితే పెట్రోల్ సైడ్ చూడు. ఇంకా దొర్లతానే ఉన్నా ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడితే సెన్సరో కాయిల్ లైనో. డాష్‌బోర్డు లైట్లన్నీ కూడా ఆరిపోతే అది వేరే కథ, తాళం స్విచ్చి, బ్యాటరీ టెర్మినళ్ళు చూడాల. తాళానికి అరకేజీ గుత్తి వేలాడదీసుకునే వాళ్ళకి ఈ స్విచ్చే పోద్ది.

తర్వాత పక్కకి తీసి తాళం ఆన్ చెయ్, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక సీటు కింద రెండు సెకన్లు సుయ్ మని పంపు శబ్దం రావాల. అది వస్తే బండిలో ఒక పాత ప్లగ్గు పెట్టుకోనుండు, ప్లగ్గు వైరుకి తగిలించి ఇనుముకి ఆనించి ఎవర్నన్నా సెల్ఫ్ కొట్టమను, నిప్పు వస్తందో లేదో తెలిసిపోద్ది. చేత్తో పట్టుకోవద్దు నాయనా, పెట్రోల్ వాసన వస్తా ఉంటే అసలు చెయ్యనే వద్దు.

నెల్లూరు డ్రైవర్:
ఇంకోటన్నా, టాంకు మూత తీసేటప్పుడు బుస్ మని గాలి లోపలికి పీలుస్తందేమో చూడమను, గాలి దారి మూసకపోతే టాంకులో వాక్యూమ్ పట్టి పెట్రోల్ రాదు. మాకు మైపాడు సైడ్ తిరిగే బండికి ఎర్త్ వైరు బోల్టు కింద ఉప్పుగాలికి తుప్పు పట్టి ఇట్టాగే చేసింది, గీకి బిగిస్తే పోయింది. టోల్‌గేట్ దగ్గర స్లో చేసినప్పుడో సిగ్నల్లోనో ఆగితే మాత్రం ఇంజన్‌కి గాలి పోయే థ్రాటిల్ బాడీలో మురికి.

ఇంజన్ ఆగినప్పుడు బ్రేకు ఊరికే పంపు కొట్టినట్టు తొక్కబాకండి, ఒకటి రెండు సార్లే మెత్తగా పడద్ది, తర్వాత రాయే. స్టీరింగూ బరువైపోద్ది. దొర్లతా ఉన్నప్పుడు తాళం వెనక్కి లాగితే స్టీరింగ్ లాక్ పడద్ది. పార్కింగ్ లైట్లేసి ఎడమకి తీయడమే. హైవే మీద ఇరుక్కుంటే 1033 కి కొట్టండి.

అడిగినాయన:
అన్నా నిన్న కావాలనే మధ్యాన్నం రెండు గంటలకి ఒక్కణ్ణే తీశా, ఇంట్లో తిట్టారు. కోవూరు ఇంకా రాకముందే ఆగింది. ముల్లు టక్కున సున్నా, బండి ఇంకా అరవైలో పోతానే ఉంది. డాష్ లైట్లు వెలగతానే ఉన్నాయి. పంపు సుయ్ మంది. పక్కన పుచ్చకాయలమ్మే అతన్ని బతిమాలి సెల్ఫ్ కొట్టిస్తే ప్లగ్గుకి నిప్పు లేదు. పది నిమిషాలకి మళ్ళా కొట్టిస్తే టిక్ టిక్ మని వచ్చింది!

ఒంగోలు మెకానిక్:
దొరికింది. కాయిల్ అయితే ముల్లు అట్టా పడచ్చు గానీ ఇంజెక్టర్లు ఇంజన్లోకి పెట్రోల్ కొడతానే ఉంటాయి, ప్లగ్గులు తడిసి వాసన వస్తాయి. క్రాంక్ సెన్సర్ సిగ్నల్ పోతే రెండూ ఆగిపోతాయి. ఇంజన్లో ఉండే ప్లగ్గు తీసి చూశావా, తడిగా ఉండిందా పొడిగానా?

అడిగినాయన:
పొడి.

ఒంగోలు మెకానిక్:
అయితే ఈసారి ఆగినప్పుడు తాళం ఆఫ్ చేసి సెన్సర్ మీద తడిగుడ్డ అయిదు నిమిషాలు వెయ్, సైలెన్సర్ పైపుకి చెయ్యి తగలకుండా. వెంటనే స్టార్ట్ అయితే అదే. చాలా బళ్ళకి బెల్టు వైపు పుల్లీ దగ్గరో గేర్‌బాక్సు మొగదల్లోనో ఉంటది, కొన్ని పాత వాటికి ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలే. సెన్సర్ మార్చేముందు దాని వైరు కనెక్టర్ దాకా చేత్తో తడిమి చూడు, వేడికి పైన ప్లాస్టిక్ పెళుసైపోయి రాలిపోతా ఉంటది. వైరు పోయినా లక్షణాలు ఇవే.

అడిగినాయన (మూడు రోజుల తర్వాత):
తడిగుడ్డకి స్టార్ట్ అయిందన్నా. వైరు బానే ఉంది, సెన్సరే. వెయ్యి రూపాయల లోపే అయింది, బిగించను అరగంట. నిన్న ఎండలో ఒంగోలు దాకా వచ్చి వెళ్ళా, టంగుటూరు టోల్ దగ్గర పావుగంట క్యూలో ఉన్నా ఏం కాలా. మరి ఆ తీసేసిన పాత పంపు మంచిదే గదా, ఏం చేసుకోను దాన్ని?

నెల్లూరు డ్రైవర్:
డిక్కీలో పెట్టుకో అబ్బయా, ఎప్పుడో ఒకప్పుడు కొత్తది పోద్ది.