‘ఇచ్చోటనే’నా, ‘ఇచ్చోట... నే’నా?

ప్రవాసి: మొన్న లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే పాత చర్చి చూశాను. కవుల సమాధులున్న మూలలో ఆంగ్ల కవి చాసర్ సమాధి ముందు నిలబడగానే, శ్మశానం మీద జాషువాగారు రాసిన సీసపద్యం నోటికొచ్చేసింది. ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము నిప్పులలోన...’ తర్వాత కరిగిపోయెనా, గరగిపోయెనా? నాలుగు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది.

తెనాలి మాస్టారు: గరగిపోయె. ‘లోనన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉంది; దాని తర్వాత ‘క’ సరళమై ‘గ’ అవుతుంది. అది సరే, ‘ఇచ్చోటనే’ అని కలిపి రాశారేమిటండీ? అర్థమే మారిపోయింది. ఇచ్చోటన్ + ఏ. ఏ మహాకవి కలమో ఇక్కడ కరిగిపోయింది అంటున్నాడాయన.

నాటకాల పిచ్చి: నేనొప్పుకోను మాస్టారూ. హరిశ్చంద్ర నాటకంలో ఈ పద్యం పాడే కాటిసీను వింటూ పెరిగినవాణ్ణి. హరిశ్చంద్రుడు ‘ఇచ్చోటనే’ దాకా వచ్చి ఆగి రాగం అందుకుంటే, పందిట్లో ప్రతివాడికీ ‘సరిగ్గా ఇక్కడే’ అనే వినబడుతుంది.

తెనాలి మాస్టారు: రాగం ఆగినచోటల్లా పదం విరగదు. కిందికి రండి: ‘ఇచ్చోట నెట్టి పేరెన్నికం గనుగొన్న చిత్రలేఖకుని’. అక్కడ ‘ఎట్టి’ స్పష్టంగా ఉంది కదా. పాదాలన్నిటికీ ఎత్తుగడ ఒకటే. పైన మాత్రం అవధారణ, అంటే ‘ఇక్కడే’ అని నొక్కి చెప్పడం, ఎలా అవుతుంది?

అక్షరాల అక్క: ముందు ఆ ‘ని’ తీసేయండి. వెస్ట్‌మిన్‌స్టర్. మిన్‌స్టర్ అంటే మఠం గుడి, లండన్‌కు పడమట ఉంది కనుక వెస్ట్. ‘ని’ చేరిస్తే మంత్రిగారవుతాడు! 1540లో మఠం రద్దయింది. 1560లో మొదటి ఎలిజబెత్ దాన్ని ఏ బిషప్పు చేతికిందా లేకుండా నేరుగా రాజు కిందే ఉంచింది, ఇప్పటికీ అంతే. 1066 క్రిస్మస్ నాడు విలియమ్‌కూ, 2023లో చార్లెస్‌కూ కిరీటం పెట్టింది అక్కడే. అందుకే రెండో పాదంలోని ‘అధికారముద్రిక లంతరించె’ ఆ చోటికి నప్పదు.

తెనాలి మాస్టారు: నప్పుతుందమ్మా. అంతరించేది రాజుగారి ముద్రిక, రాజ్యానిది కాదు. ఎడ్వర్డ్ రాజు కట్టించిన గుడికి 1065 డిసెంబరు 28న ప్రతిష్ఠ జరిగితే, జబ్బున పడి ఆయనే రాలేకపోయాడు. జనవరి 5న పోయాడు. తెచ్చి ఆ గుడిలోనే పూడ్చారు. 1245లో మూడో హెన్రీ ఆ గుడిని పడగొట్టి కొత్తది మొదలుపెట్టాడు. ఎంత కట్టినవాడికైనా చివరికి ఆ చోటే. జాషువాగారు చెప్పిందీ ఇదే.

ప్రవాసి: కాటిలో సరేనండీ, బూడిదకు పేరుండదు. ఆబీలో రాయి మీద పేరు చెక్కి ఉంది. అక్కడైనా ‘ఇచ్చోటనే’ అనుకోకూడదా? 1400లో చాసర్‌ను అక్కడ పూడ్చింది కవి అని కూడా కాదు. రాజుగారి కొలువు చేశాడు, ఆ మఠం ఆవరణలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. నేను చూసిన సమాధి కట్టింది 1556లో.

తెనాలి మాస్టారు: మంచి మాట అడిగారు. 1599లో స్పెన్సర్ అనే కవిని చాసర్ దగ్గరే పూడ్చారు. తోటి కవులు తాము రాసిన పద్యాలనూ, వాటిని రాసిన కలాలనూ ఆ గోతిలో వేశారని చెబుతారు. కమ్మని కలము! 1938లో వాటి కోసం తవ్వి చూశారు. స్పెన్సర్ గొయ్యే దొరకలేదు. పేరున్న రాయి అక్కడే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇచ్చోటనేనా, ఏనా?

నాటకాల పిచ్చి: మా హరిశ్చంద్రుడు పాడిన క్యాసెట్ ఇంట్లో ఉంది. రాత్రికి పెడతాను, చెవితో విని చెప్పండి.