మోకాలి కింద ఎముక నొప్పి, పరుగు ఆపాలా?

ప్రశ్న (అనంతపురం): కానిస్టేబుల్ 1600 మీటర్ల పరుగుకు ప్రాక్టీస్ చేస్తున్నా. మూడు వారాలుగా మోకాలి కింద, ఎముక లోపలి అంచున ఒకటే నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పరిగెత్తొచ్చా?

ఫిజియో (కడప): తమ్ముడూ, ఎముక అంచు వెంబడి బొటనవేలితో నొక్కి చూడు. జానెడు పొడవునా నొప్పుంటే షిన్ స్ప్లింట్స్ కావచ్చు, అంటే పరుగు ఒత్తిడికి ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. రూపాయి బిళ్లంత చోటే ప్రాణం పోతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్న పగులు, అనుమానించాలి. అది మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. నా దగ్గరికొచ్చే పిల్లలంతా నోటిఫికేషన్ పడ్డాకే బూట్లు కొంటారు! ప్రాక్టీస్ మొదలెడితే ఆయాసం తొందరగా తగ్గుతుంది, ఎముక గట్టిపడటానికే టైమ్ కావాలి.

కర్నూలు నుంచి: నేను నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తా. రెండు నెలలు మంచం మీదే.

అడిగినవారు: నొప్పి ఒక్కచోటే, అన్నా. గెంతినా నొప్పే.

ఫిజియో: ఇక గెంతొద్దు. పరుగు బంద్. రేపే ఎముకల డాక్టర్ దగ్గరికెళ్లి ఎమ్మారై అవసరమా అని అడుగు.