షెడ్డు కట్టేశాక పొల్యూషన్ బోర్డు అనుమతి తీసుకున్నవాళ్లు ఉన్నారా?

బంగారుపాళ్యం దగ్గర మా పొలంలోనే చిన్న తోతాపురి మామిడి గుజ్జు యూనిట్ పెడుతున్నాం, నేనూ మా బామ్మర్దీ. షెడ్డు లేచింది, కట్టెల బాయిలర్ దిగింది. ఇప్పుడొచ్చి ఒక కన్సల్టెంట్ "పని మొదలెట్టకముందే సీఎఫ్‌ఈ (కట్టడానికి బోర్డు అనుమతి), నడిపే ముందు సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) తీసుకోవాలి గదా" అన్నాడు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద రెండూ తప్పనిసరి. మాకే ఆలస్యంగా తెలిసింది. మాలాగా కట్టేశాక అప్లై చేసినవాళ్లకి పెనాల్టీ పడిందా?

అసలు టెన్షన్ నీళ్లది. పోయిన సీజన్‌లో ఇంటి దగ్గర నాలుగు క్రేట్లు గుజ్జు తీసి చూశాం. తొక్కలు కడిగిన నీళ్లు రెండో రోజుకే పుల్లకంపు, ఒకటే ఈగలు. షెడ్డు పక్కనే వేరేవాళ్ల బావి ఉంది. రోజుకు రెండు టన్నుల కాయకి సెటిలింగ్ ట్యాంకు చాలుతుందా, ఈటీపీ (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) కట్టాల్సిందేనా? టెంకలు మీరేం చేస్తున్నారు? జూన్‌కల్లా కాయ దిగుతుంది, కాస్త తొందరగా చెప్పండన్నా.