థార్‌కి వెనక స్టీల్ బంపర్, స్టెప్నీ క్యారియర్: వేయించుకున్నవాళ్ళు చెప్పండి

పాడేరు_థార్
అందరికీ నమస్కారం. నాది 2022 మహీంద్రా థార్ డీజిల్, హార్డ్‌టాప్. 255/65 ఆర్18 టైర్లు తీసేసి వాటికంటే పెద్దవి 285/70 ఆర్17 వేయించాను, స్టెప్నీ కూడా అదే సైజు. అప్పటినుంచి గతుకుల్లో వెనక డోర్ కటకటమంటోంది, మూసేటప్పుడు కాస్త పైకెత్తి మూయాల్సి వస్తోంది. స్టీల్ బంపర్‌కే స్వింగ్ క్యారియర్ (స్టెప్నీని మోస్తూ పక్కకి తిరిగే స్టీలు చెయ్యి) పెట్టించి, స్టెప్నీ బరువు డోర్ మీద నుంచి తీసేద్దామనుకుంటున్నా. రెడీమేడ్ కిట్ కొనాలా, మనవాళ్ళతో చేయించాలా? పార్కింగ్ సెన్సర్ల సంగతేంటి? ఆర్టీఓతో ఇబ్బంది ఉంటుందా? ఖర్చు ఎంతవుతుంది?

ఆటోనగర్_కుర్రాడు
రెడీమేడ్ ఎందుకన్నా? విజయవాడ వచ్చెయ్. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలకి ఇదొక లెక్కా? నాది 5 ఎంఎం ప్లేటు, లోపల సి ఆకారం స్టీలు ఛానల్. ఇద్దరు కలిసి పట్టుకుంటే గానీ లేవదు. వెనక నుంచి లారీ గుద్దినా దానికేం కాదు.

ఛాసిస్_సుబ్బారావు
బంపర్‌కేం కాదు, లోపల కూర్చున్నవాళ్ళ మెడకి అవుతుంది. కంపెనీ బంపర్, దాని వెనకున్న భాగాలు నలగడానికే ఉన్నాయి. 5 ఎంఎం ప్లేటు నలగదు, దెబ్బంతా నేరుగా బండి అడుగు ఫ్రేముకి, అంటే ఛాసిస్‌కి పోతుంది. నేను ఇరవై ఏళ్ళకి పైగా సస్పెన్షన్ పనిలోనే ఉన్నాను కాబట్టి లెక్క చెప్తా వినండి. థార్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) 2,450 ఎంఎం. బంపర్, క్యారియర్ కలిపి 80 కిలోలు అదనం అనుకుందాం. అది వెనక యాక్సిల్‌కి మీటరు అవతల వేలాడితే వెనక పడే బరువు 80 కాదు, దాదాపు 113. ముందు యాక్సిల్ మీద 33 కిలోలు తగ్గుతుంది. వెనక స్ప్రింగులు కూర్చుంటాయి, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళల్లోకి లేస్తాయి. స్ప్రింగుల సంగతి చూడకుండా బంపర్ వేయించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆటోనగర్_కుర్రాడు
ముందు విన్చ్ (బండిని లాగే తీగచుట్ట మోటారు) పెట్టించా సార్, బ్యాలెన్స్ అయిపోయింది.

ఛాసిస్_సుబ్బారావు
అలా అయితే బండి మొత్తం బరువు ఇంకా పెరిగింది. బ్రేకులు మాత్రం పాతవే కదా?

జిమ్నీ_జానకిరామ్
అందుకే చిన్న బండి కొనాలనేది. మారుతి జిమ్నీ డిపార్చర్ యాంగిల్, అంటే వెనక బంపర్ నేలకి తగలకుండా దిగగల వాలు, 50 డిగ్రీలు, థార్‌ది 37 లోపే. మళ్ళీ దానికి కిందకి వేలాడే బంపరొకటి కట్టుకుంటే ఆఫ్‌రోడ్ అంటారా? 195 సైజు టైర్లతోనే వంజంగి కొండ ఎక్కా. స్టెప్నీ బరువు గొడవే లేదు.

డీజిల్_మామ
వంజంగికి స్కూటీలు కూడా పోతున్నాయి జానకిరామ్ గారూ.

మన్యం_రైడర్
కొట్టుకోవడం ఆపి అడిగినదానికి చెప్పండి. పాడేరు బ్రో, ముందు డోర్ హింజ్ బోల్టులు, స్టెప్నీ బ్రాకెట్ బోల్టులు టైట్ చేయించు. డోర్‌కి ఉండే రబ్బరు స్టాపర్లు అరిగితే కూడా ఇదే చప్పుడు. నాకు దాంతోనే సగం పోయింది. స్టీల్ బంపర్ మాత్రం ఉండాల్సిందే. మొన్న వానల్లో మారేడుమిల్లి దగ్గర బురదలో నా ఫ్రెండ్ ఇరుక్కుంటే, నా క్యారియర్ పిన్నుకి తాడేసి లాగేశాం. రాయిలా నిలబడింది.

ఛాసిస్_సుబ్బారావు
క్యారియర్ పిన్నుకా? మీకు బుర్ర ఉందా?

మన్యం_రైడర్
మర్యాదగా మాట్లాడండి. వచ్చింది కదా బండి.

బొర్రా_బండి
సుబ్బారావు గారి మాటతీరు ఎప్పుడూ అంతే గానీ విషయం మాత్రం నిజం. స్టెప్నీ పిన్ను ఉన్నది టైరు బరువు మొయ్యడానికి. బురదలో పొట్టదాకా దిగిన రెండు టన్నుల బండిని జెర్క్ ఇచ్చి లాగితే దాని మీద పడే లోడు వేరు. పిన్ను ఊడితే తాడుతో పాటు తుపాకీ గుండులా వస్తుంది. ట్రైలర్ తగిలించే టో బాల్‌కి తాడేసి లాగినప్పుడు అది విరిగి ఎగిరొచ్చి తగిలి మనుషులు పోయిన కేసులు ఉన్నాయి. లాగే పాయింటు ఛాసిస్‌కి 8.8 గానీ 10.9 గానీ గ్రేడ్ బోల్టులతో బిగించి ఉండాలి. దానికి లోడు ముద్ర ఉన్న డి షాకిల్ (డి ఆకారం స్టీలు కడియం) వాడాలి. ముప్పావు అంగుళం షాకిల్ మీద 4.75 టన్ను అని కొట్టి ఉంటుంది, ముద్ర లేనిది కొనొద్దు. తెగితే ఎగరకుండా తాడు మధ్యలో తడి గోనె సంచి వెయ్యాలి, జనాన్ని దూరం పంపాలి.

మన్యం_రైడర్
ఏజెన్సీ రోడ్ల మీద పుట్టి పెరిగినవాళ్ళం. ట్రాక్టర్ కొక్కేనికి గొలుసేసి లాగడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. మీరు వీడియోలు చూసి మాకు పాఠాలు చెప్పక్కర్లేదు.

బొర్రా_బండి
ట్రాక్టర్ కొక్కెం లాగడానికే పెట్టింది కదండీ. నేనన్నదీ అదే.

డీజిల్_మామ
గోనె సంచి మాట నిజం. మా ఊళ్ళో గొలుసు తెగి ఒకడి కాలు పోయింది. ఇక దాని గురించి వదిలెయ్యండి.

డాలస్_జీప్
నాది జీప్ రాంగ్లర్ జేఎల్. దాని వెనక డోర్ ఫ్రేమ్ మెగ్నీషియం, పైన అల్యూమినియం. టైరు సైజు పెంచితే ఇక్కడ చాలామంది బంపర్ క్యారియర్ దాకా పోరు. డోర్ లోపలే బరువును హింజులకి పంచే రీఇన్ఫోర్స్‌మెంట్ బ్రాకెట్ వేస్తారు. డోర్ ఒకేసారి తెరుచుకుంటుంది, బరువు కూడా పెద్దగా పెరగదు. థార్‌కి అలాంటిది దొరుకుతుందేమో చూడండి.

ఆటోనగర్_కుర్రాడు
అన్నా, అక్కడ ఒక బ్రాకెట్ ధరకి ఇక్కడ బంపర్, క్యారియర్ రెండూ వచ్చి బిర్యానీకి కూడా మిగులుతుంది.

లేత్_లక్ష్మి
మా నాన్నగారిది లేత్ వర్క్స్, ఈ క్యారియర్లు తిరిగే ఇరుసులు, అంటే స్పిండిళ్ళు, మా దగ్గరే లేత్ మీద చేస్తాం. ప్లేటు మందం గురించి ఇంత మాట్లాడుకున్నారు, అసలు క్యారియర్ పాడయ్యేది తిరిగే చోట. ఉత్త పైపులో రాడ్డు దూర్చి ఇచ్చేది ఒక్క వానాకాలానికే ఊగుతుంది. పైనొకటి, కిందొకటి టేపర్ రోలర్ బేరింగ్ పెట్టి, నట్టుతో ప్రీలోడ్ ఇచ్చి (ఊగకుండా ముందే కాస్త బిగించి), గ్రీజు సీల్ వెయ్యాలి. అంత వద్దంటే గన్‌మెటల్ బుష్, గ్రీజు నిపుల్ అయినా ఉండాలి. రెండోది, మూసినప్పుడు క్యారియర్ చేతి బరువంతా స్పిండిల్ మీదే వేలాడకూడదు. అవతలి చివర కింద ఒక ఏటవాలు రెస్ట్ ఉండాలి, చెయ్యి దాని మీదకెక్కి కూర్చోవాలి. లాచ్ గట్టిగా లోపలికి గుంజి పట్టాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే చప్పుడు రాదు.
ఇంకోటి, తెరిచినప్పుడు లాక్ పిన్ను పడాలి. వాలులో బండి ఆపి డిక్కీ తీస్తే ఆ చెయ్యి వెనక్కొచ్చి మోకాలి చిప్ప మీద కొడుతుంది. మా కస్టమర్లు ఆర్డరిచ్చేటప్పుడు ఇది అడగరు, దెబ్బ తగిలాక వచ్చి అడుగుతారు.

పాడేరు_థార్
లక్ష్మి గారూ, చాలా థాంక్స్, ఇదే కావాల్సింది. మరి సెన్సర్లు?

వైజాగ్_ఉప్పుగాలి
మాకు తుప్పు తర్వాతే ఏదైనా. నా మొదటి బంపర్ చేసినవాడు బాక్సు సెక్షన్ నాలుగు వైపులా మూసేసి ఇచ్చాడు. పైకి పౌడర్ కోటింగ్ అద్దంలా ఉంది, లోపల నీళ్ళు నిలబడి బిస్కెట్ అయిపోయింది. కింద డ్రెయిన్ రంధ్రాలు పెట్టించండి. కోటింగ్‌కి ముందు బ్లాస్టింగ్ (ఇసుక లాంటిది కొట్టి తుప్పు దులపడం) చేశారో లేదో కళ్ళారా చూడండి. భీమిలి రోడ్డులో ఇల్లున్నవాళ్ళకి పెయింటే మేలు, గీత పడితే మనమే పూసుకోవచ్చు.

లా_పాయింట్
ఆర్టీఓ గురించి ఒక్కరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది.

ఆటోనగర్_కుర్రాడు
బుల్ బార్ అంటే ముందుది సార్. మేం మాట్లాడేది వెనకది.

లా_పాయింట్
సెక్షన్ 52కి ముందూ వెనకా లేదు తమ్ముడూ. పోలీసులు ఆపరు అన్నది వేరే విషయం. యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు తెలుస్తుంది. కంపెనీకి ముందే రాసి చెప్పారా అని మొదట అడిగేది అతనే.

జిమ్నీ_జానకిరామ్
అయితే 285 టైర్లు కూడా మార్పే కదా? పాడేరు గారి స్పీడోమీటరు ఇప్పుడు 5 శాతం తక్కువ చూపిస్తూ ఉంటుంది.

పాడేరు_థార్
టైర్ల గురించి అడగలేదండీ.

బొర్రా_బండి
సెన్సర్లు: స్టీల్‌లో నేరుగా బిగిస్తే ఉత్తినే బీప్ కొడుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ కప్పుల్లో కూర్చోబెట్టాలి, ఎత్తు పాతదే ఉంచాలి. క్యారియర్ చెయ్యి వాటి ముందుకి రాకూడదు. టెయిల్ లైట్లకి, నంబర్ ప్లేటుకి కూడా అంతే. ప్లేటు టైరు వెనక దాక్కుంటే చలానా గ్యారంటీ. ఖర్చు మాత్రం ఎవరూ నిజం చెప్పరు, ఇంట్లోవాళ్ళు చదువుతారని భయం.

డీజిల్_మామ
హహ. మా ఆవిడకి నేను టైరు పంక్చర్ అని చెప్పా.

వైజాగ్_ఉప్పుగాలి
ఏం చేయించినా కంపెనీ బంపర్ మాత్రం కోయించకండి, పారేయకండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.

ఆటోనగర్_కుర్రాడు
నా దగ్గర థార్ స్టాక్ బంపర్ ఉంది, గీత కూడా లేదు. ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. విజయవాడ వచ్చి తీసుకెళ్ళాలి, పార్సెల్ చెయ్యను.

జిమ్నీ_జానకిరామ్
మా బావమరిదికి కావాలి. సెన్సర్ల వైరింగుతో సహా ఇస్తావా? ధర ఎంత?